పట్టా ఒక్కటే చాలా? ఆస్తి హక్కు, చట్టం, రాజకీయం: దక్షిణ తెలంగాణలో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా నలుగురు కూడిన చోట భూమి మాట రాకుండా ఉండదు. గెట్టు తగాదాలు, పాసుపుస్తకంలో తప్పు పడిన విస్తీర్ణం, ప్రాజెక్టు కింద పోయిన చెలక, తాతల నాటి తెల్లకాగితం కొనుగోలు ఇలా ప్రతి ఇంట్లో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఈ వ్యవహారాల వెనుక ఉన్న ఆర్థిక సూత్రాలను, చట్టాలను కలిపి అర్థం చేసుకోవాలనే వారికోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

ఆస్తి హక్కు అంటే పట్టాదారు పాసుపుస్తకమేనా?

కాదు. పాసుపుస్తకం ఆధారాల్లో ఒకటి మాత్రమే. ఆస్తి హక్కు అనే మాటలో చాలా హక్కులు కలిసి ఉంటాయి: దున్నుకోవడం, ఫలసాయం తీసుకోవడం, ఇతరులను లోపలికి రానివ్వకపోవడం, కౌలుకివ్వడం, తాకట్టు పెట్టడం, అమ్మడం, పిల్లలకు ఇవ్వడం. ఇవన్నీ ఒకే మనిషి చేతిలో ఉండాలని లేదు. ప్రభుత్వం పేదలకు పంచిన (అసైన్డ్) భూమికి ఇచ్చే లావుణి పట్టా ఉన్న రైతు దున్నుకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, అమ్మకూడదు. కౌలుదారు పండించుకోవచ్చు, తాకట్టు పెట్టలేడు. కాబట్టి ‘ఈ భూమి నాది’ అని ఇద్దరు అన్నప్పుడు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

ఇక రక్షణ సంగతి. ఒక రాజ్యంలో ఆస్తికి ఎంత రక్షణ ఉందో తెలుసుకోవడానికి నేను వాడే కొలత ఒక్కటే: ఆ ఊళ్లో అందరికంటే బలహీనమైన హక్కుదారు తన గెట్టును కాపాడుకోవడానికి ఎంత డబ్బు పెట్టాలి, ఎన్నేళ్లు తిరగాలి? ఆ ఖర్చు భూమి విలువను మించిపోతే చట్టంలో ఎంత గొప్ప హక్కు రాసి ఉన్నా అది ఆ మనిషికి లేనట్టే. కింది జవాబులన్నీ ఈ కొలతతోనే రాశాను.

హక్కు భద్రంగా ఉంటే ఆర్థికంగా ఒరిగేదేమిటి?

నల్లగొండ బత్తాయి తోటనే చూడండి. మొక్క నాటాక సరైన కాపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అన్నాళ్లూ బోరుకు, ఎరువుకు, కూలికి ఖర్చే తప్ప రాబడి ఉండదు. వచ్చే ఏడాది ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు బత్తాయి పెట్టడు, ఆ ఏటికి ఆ ఏడు చేతికొచ్చే పంటే వేస్తాడు. భూమి అదే, వాన అదే, నమ్మకం లేకపోవడం వల్ల పంట మారిపోతుంది. ఇది మొదటి ప్రయోజనం: దీర్ఘకాల పెట్టుబడి.

రెండోది అప్పు. భూమి పత్రం ఇస్తే పేదలకు బ్యాంకు అప్పు దానంతట అదే వస్తుందని పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో వాదన ప్రపంచమంతా ప్రచారమైంది. అది సగమే నిజం. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరీస్ శివార్లలో పట్టాలు వచ్చిన కుటుంబాలను, రాని కుటుంబాలను గలియానీ, షార్‌గ్రోడ్‌స్కీ అనే పరిశోధకులు పోల్చి చూశారు. పట్టా వచ్చినవారు ఇళ్లు బాగుచేసుకున్నారు, పిల్లలను ఎక్కువ చదివించారు. అప్పు మాత్రం పెద్దగా పెరగలేదు. బ్యాంకు చూసేది కాగితం ఒక్కటే కాదు, తిరిగి కట్టగల ఆదాయం కూడా.

మూడోది మనవాళ్లకు బాగా తెలిసినదే, పుస్తకాల్లో తక్కువగా కనిపించేదే: కావలి ఖర్చు. పెరూ పట్టణాల్లో పట్టాలిచ్చాక జనం ఇల్లు విడిచి బయట ఎక్కువ గంటలు పనిచేయగలిగారని ఎరికా ఫీల్డ్ పరిశోధన తేల్చింది, ఇంటిని కాచుకుంటూ కూర్చునే అవసరం తగ్గింది కాబట్టి. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు వలస వెళ్లే కుటుంబాల్లో ఒక ముసలి ప్రాణం ఊళ్లోనే ఉండిపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు. తిరిగి వచ్చేసరికి గెట్టు జరిగిపోతుందేమోనన్న భయం కూడా ఉంటుంది.

నిజాం పాలనలో ఇక్కడి భూమి ఎవరిది?

హైదరాబాద్ రాజ్యంలో దాదాపు అరవై శాతం భూమి ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే దివానీ లేదా ఖాల్సా, ముప్పై శాతం ప్రముఖులకు శిస్తు వసూలు హక్కుతో ఇచ్చిన జాగీర్లు, పది శాతం నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫ్-ఎ-ఖాస్. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత వంటి సంస్థానాలు ఉండేవి. నల్లగొండలో శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖ్‌ల పెత్తనం సాగింది.

ఇక్కడ గమనించాల్సిన మలుపు నిజాం దివాన్ సాలార్‌జంగ్ సంస్కరణలు. 1865లో జిలాబందీతో, అంటే జిల్లాల ఏర్పాటుతో, శిస్తు వసూలు ప్రభుత్వ ఉద్యోగుల చేతికి వచ్చింది. అధికారం పోయిన దేశ్‌ముఖ్‌లకు రుసుం ఇచ్చారు. తర్వాత భూముల సర్వే, బందోబస్తు (శిస్తు నిర్ణయం) జరిగినప్పుడు ఊళ్లలో తమకున్న పట్టుతో వారు చాలా భూమిని తమ పేర రాయించుకున్నారు. తరతరాలుగా దున్నుతున్న కుటుంబాలు ఒక్క పెన్నుపోటుతో కౌలుదారులయ్యాయి. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని పోరాట చరిత్రలు చెబుతాయి. సర్వే అనేది ఆధునిక సంస్కరణే, దుర్మార్గం కాదు. కానీ రికార్డు రాసే రోజున ఊళ్లో ఎవరు బలవంతుడో ఆ బలాన్నే అది శాశ్వత హక్కుగా మార్చేసింది. రికార్డుల ప్రక్షాళన జరిగిన ప్రతిసారీ నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

బ్రిటిష్ ఇండియాలో జమీందారీ జిల్లాలను, రైతే నేరుగా శిస్తు కట్టే రైత్వారీ జిల్లాలను పోల్చిన అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ పరిశోధన కూడా ఈ దిశగానే చూపిస్తుంది: జమీందారుల చేతికిచ్చిన ప్రాంతాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా వ్యవసాయ దిగుబడిలో, బడులూ ఆసుపత్రుల వంటి సౌకర్యాల్లో వెనుకబడ్డాయి. వ్యవస్థ రద్దయ్యాక కూడా దాని ఛాయ దశాబ్దాలపాటు మిగిలింది.

సాయుధ పోరాటం ఆస్తి హక్కును కూలదోసిందా?

ఈ ప్రశ్న అడిగేవారు చాలాసార్లు అవుననే జవాబు మనసులో పెట్టుకునే అడుగుతారు. నా అభిప్రాయం వేరు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ పోరాడింది దేనికోసం? తాను కౌలుకు తీసుకుని, తన చెమటతో పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా ఆపడానికి. ఆర్థికశాస్త్రం భాషలో చెప్పాలంటే ఆమె అడిగింది ఒప్పందానికి రక్షణ, ఫలసాయానికి రక్షణ. రాజ్యం ఆ రక్షణ ఇవ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయాక ఆ పోరు ఊరూరికీ పాకింది. వెట్టిచాకిరీ ఉన్న చోట మనిషికి తన శ్రమ మీదే హక్కు లేదు, ఇక భూమి మీద ఎక్కడిది?

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చాయి. రక్షిత కౌలుదారు అనే హోదా ఆ చట్టంతోనే పుట్టింది. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షన్ వారిని యజమానులను చేసే దారి తెరిచింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు ఎనభై ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. దానం గొప్పదే. కానీ దానంగా వచ్చిన భూమికి హద్దులు, రికార్డు, స్వాధీనం పక్కాగా జరగని చోట ఆ భూములు తర్వాత వివాదాల్లో పడ్డాయి. ఇచ్చేవారి మంచి మనసు ఒక తరానికి సరిపోతుంది, తర్వాతి తరాలకు రికార్డు కావాలి.

బలమైన పాలకుడు ఒక్కడుంటే ఆస్తికి ఎక్కువ భద్రత కదా?

దొంగల నుంచి భద్రత ఉండవచ్చు. ఆ పాలకుడి నుంచే కాపాడేది ఎవరు? జాగీరు దీనికి చక్కని ఉదాహరణ. జాగీర్దారు చనిపోతే వారసుడికి అది దానంతట అదే రాదు. విరాసత్ (వారసత్వ) విచారణ జరగాలి, నిజాం మంజూరు కావాలి. రేపు ఉంటుందో లేదో తెలియని జాగీరులో చెరువు బాగుచేయించడం కంటే ఈ ఏడాది రైతు నుంచి పిండుకోవడమే లాభం. పాలకుడి దయ మీద నిలిచిన ఆస్తి పెద్దవాడికి కూడా అభద్రమైనదే, ఆ అభద్రత చివరికి కింది రైతు మీద పడుతుంది.

ఆర్థికవేత్తలు డగ్లస్ నార్త్, బ్యారీ వైన్‌గాస్ట్ ఇంగ్లండు చరిత్రలో ఇదే చూశారు. 1688 విప్లవం తర్వాత రాజు చేతులను పార్లమెంటు కట్టేసింది కాబట్టే ప్రభుత్వానికి అప్పిచ్చేవారు ధైర్యంగా ముందుకొచ్చారని వారి వాదన. తన మాట తానే తప్పలేని స్థితిలో ఉన్న ప్రభుత్వాన్నే జనం నమ్ముతారు. కోర్టులు, శాసనసభ, పత్రికలు, ఎన్నికలు ప్రభుత్వ వేగాన్ని తగ్గిస్తాయి, నిజమే. ఆ నెమ్మదితనం వల్లే చిన్న రైతుకు తన మాట వినిపించే సమయం దొరుకుతుంది.

ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదంటారు. మరి దానికి విలువేమిటి?

1978లో చేసిన 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది. దాని స్థానంలో 300-ఎ అధికరణం వచ్చింది: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదు. జమీందారీ రద్దును, భూసంస్కరణలను కోర్టుల్లో ఆపడానికి పెద్ద భూస్వాములు ప్రాథమిక హక్కును వాడుకోవడం ఈ మార్పుకు ఉన్న నేపథ్యం. అయితే దశాబ్దాల తర్వాత ఆ రక్షణ అవసరం చిన్న రైతుకే ఎక్కువైంది. 2020లో విద్యాదేవి కేసులో, ఎప్పుడో రోడ్డుకు భూమి తీసుకుని పరిహారం ఇవ్వని ప్రభుత్వం ‘ఇన్నేళ్లు మా స్వాధీనంలో ఉంది కాబట్టి మాదే’ అనడాన్ని సుప్రీంకోర్టు తిరస్కరించింది. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది: నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం, గడువులోగా పూర్తిచేయడం వంటివి 300-ఎ లో ఇమిడి ఉన్నాయని. మీ భూమికి నోటీసు వస్తే ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇక దిగులు లేనట్టేనా?

మన దేశంలో 1908 రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది దస్తావేజును, యాజమాన్యాన్ని కాదు. అమ్మినవారికి నిజంగా హక్కు ఉందో లేదో ప్రభుత్వం హామీ ఇవ్వదు. అందుకే కొనేవారు ఆ భూమిపై జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీస్తారు, 1954-55 నాటి సాగు, యాజమాన్య రికార్డు అయిన ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్లి చూస్తారు. ఆ వెతుకులాట ఖర్చంతా కొనేవారిదే. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో రిజిస్టరులో ఉన్న పేరే హక్కు, దానికి పూచీ ప్రభుత్వానిది. వినడానికి బాగుంది. కానీ రికార్డులో తప్పులు మిగిలి ఉండగా అలాంటి పూచీ ఇస్తే ఆ తప్పే తిరుగులేని హక్కు అవుతుంది. ముందు క్షేత్రంలో కొలత, తర్వాత అభ్యంతరాల విచారణ, ఆ పైనే పూచీ. ఈ వరుస మారకూడదు.

సాదాబైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న, రిజిస్టర్ కాని కొనుగోళ్లు) ఎందుకు ఇంతగా మిగిలిపోయాయి?

స్టాంపు ఖర్చు, ఆఫీసుల చుట్టూ తిరగడం, అక్షరజ్ఞానం లేకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా ఊరి పెద్దల సమక్షంలో ఇచ్చిన మాట మీద నమ్మకం. ఊరివరకు ఆ తెల్లకాగితం చాలింది. అమ్మినవారి మనవడు హైదరాబాద్ నుంచి వచ్చి, రికార్డులో తాత పేరే ఉందని చూసుకున్న రోజున చాలలేదు. రోడ్డు పడి ఎకరం ధర పెరిగిన కొద్దీ మాట తప్పడం వల్ల వచ్చే లాభం కూడా పెరుగుతుంది. ధరలు తక్కువగా ఉన్నప్పుడు నిలిచిన నమ్మకం చౌటుప్పల్, షాద్‌నగర్ వంటి చోట్ల ధరలు ఎగసిపడ్డాక నిలవలేదంటే ఆశ్చర్యం లేదు.

2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నారు. ఆలోగా భూమి రికార్డుల పాత 1971 చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది, అందులో దీనికి చోటు లేదు. హైకోర్టు ఆదేశాలతో వ్యవహారం ఆగింది. 2025 భూభారతి చట్టం ఆ దరఖాస్తులకు మళ్లీ దారి ఇచ్చింది. రెండు చట్టాల మధ్య సందులో ఇన్నేళ్లు ఇరుక్కున్నది నిజంగా డబ్బిచ్చి కొన్న చిన్న రైతులే కాబట్టి ఈ ఆలస్యాన్ని తేలికగా తీసుకోలేను.

ధరణి, భూభారతి మధ్య తేడాను ఆర్థికంగా ఎలా చూడాలి?

2017 సెప్టెంబరులో రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న కొత్త చట్టంతో పాటు ధరణి అనే ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. తహసీల్దారు దగ్గర రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే రోజు జరగడం పెద్ద మేలు. వివాదం లేని భూమికి లావాదేవీ ఖర్చు, లంచం పెట్టే అవకాశం తగ్గాయి. ఆ మంచిని కాదనకూడదు. అయితే అదే చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది, భూమి ఎవరి సాగులో ఉందో చూపే అనుభవదారు కాలమ్ పోయింది. రికార్డులో పొరపాటు ఉన్నవారు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అరెకరం రైతుకు పేరులో అక్షరదోషం కోసం వకీలును పెట్టుకోవడం అంటే ఆ భూమి ఇచ్చే పంటను వకీలుకు రాసివ్వడమే. నా కొలతతో చూస్తే, తప్పు లేనివారికి హక్కు చౌకైంది, తప్పు పడినవారికి మరీ ఖరీదైంది.

2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి మళ్లీ అప్పీలు మెట్లను పెట్టింది, రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న నియమాన్నీ చట్టంలో చేర్చింది. దిశ సరైనదే. ఇక చూడాల్సింది సర్వేయర్లు ఎంతమంది ఉన్నారు, అప్పీలు ఎన్ని నెలల్లో తేలుతుంది అన్నది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది, 2020లో గ్రామ రెవెన్యూ అధికారులు (వీఆర్వోలు) పోయారు. ఊరి భూమి తెలిసిన మనిషిని తీసేసిన ప్రతిసారీ అతని అవినీతితోపాటు అతని జ్ఞాపకం కూడా పోయింది. ఆ జ్ఞాపకాన్ని నమ్మదగిన పటంగా మార్చే పని ఇంకా మిగిలే ఉంది.

కౌలు రైతుకు కాగితం రాసివ్వడానికి యజమానులు ఎందుకు జంకుతారు?

రాసిస్తే భూమి పోతుందన్న భయం. 38-ఇ జ్ఞాపకం ఇంకా చెదరలేదు. కౌలుదారును కాపాడటానికి చేసిన చట్టం భయం వల్ల కౌలును నోటిమాటగా మార్చింది. నోటి కౌలులో బ్యాంకు అప్పు దొరకదు, పంట నష్టపరిహారం దొరకదు. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారుకే వెళ్లింది. 2011 నాటి సాగుదారుల చట్టం యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలంది. ఇది చాలా మంచి ఆలోచన, సరిగా అమలు కాలేదు.

పశ్చిమ బెంగాల్‌లో 1978 నుంచి ఆపరేషన్ బర్గా పేరుతో పాలుకు చేసేవారి పేర్లు నమోదు చేసి, వారిని తొలగించకుండా హామీ ఇచ్చారు. దిగుబడి పెరిగిందని బెనర్జీ, గెర్ట్లర్, ఘటక్ పరిశోధన చూపింది. అక్కడ పార్టీ, పంచాయతీ, ప్రభుత్వ యంత్రాంగం ఊళ్లలో దగ్గరుండి నమోదు చేయించాయి. చట్టంలోని ఒక సెక్షన్ ఆ పని ఒంటరిగా చేయలేదు.

లావుణి భూమి అమ్ముకోనివ్వకపోవడం న్యాయమేనా?

1977 నాటి 9వ చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది. పెళ్లికో, ఆసుపత్రికో అవసరం పడినప్పుడు షావుకారు చేతిలో భూమి కారుచౌకగా పోకుండా ఆపడం దాని ఉద్దేశం. అది సరైన ఉద్దేశమే. కానీ దొంగచాటు అమ్మకాలు ఆగలేదు, సగం ధరకే జరిగాయి. పేదవాడికి భూమీ పోయింది, సరైన ధరా రాలేదు. మరోవైపు అదే భూమి ప్రాజెక్టుకు, పరిశ్రమకు కావలసినప్పుడు ‘మీది పట్టా భూమి కాదు’ అంటూ తక్కువ ఇవ్వజూపడం చూస్తున్నాం. నిషేధం ఎత్తేయమని నేను అనను. సేకరణ జరిగే రోజున మాత్రం లావుణి పట్టాకు, పక్కనున్న పట్టా భూమికి పరిహారంలో తేడా ఉండకూడదు.

ప్రాజెక్టుకు భూమి పోతే పరిహారం ఎందుకు చాలదు?

పరిహారం లెక్కకు రిజిస్టరైన ధరలు ఆధారం. స్టాంపు సుంకం తప్పించుకోవడానికి జనం దస్తావేజులో తక్కువ ధర రాస్తారు. ఆ అలవాటు సేకరణ రోజున ఊరంతటికీ దెబ్బ కొడుతుంది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం గ్రామీణ భూమికి మార్కెట్ విలువను రెండు రెట్ల వరకు పెంచి, దానికి మళ్లీ నూరు శాతం సొలాషియం (ఓదార్పు మొత్తం) కలపమంది, పునరావాసాన్ని తప్పనిసరి చేసింది. తెలంగాణ 2017 సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది.

శ్రీశైలం జలాశయం కింద 1981లో ఖాళీ అయిన కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్ల వారికి పాత 1894 భూసేకరణ చట్టమే దిక్కు. ముంపు ప్రాంతంలోని పురాతన గుళ్లను రాయి రాయి విప్పి మళ్లీ కట్టారు. మనుషుల బతుకులను అంత జాగ్రత్తగా మళ్లీ కట్టలేదు. ఉద్యోగమిస్తామన్న 98వ నంబరు జీవో కోసం ఆ కుటుంబాలు దశాబ్దాలు తిరిగాయి. భూమి విలువలో ధర ఒక భాగమే. దానితో అల్లుకున్న కూలి పని, మేత, ఊరి నమ్మకంతో దొరికే చేబదులు ఏ రిజిస్టరులోనూ ఉండవు. పట్టా లేని కూలీకి పోయేది కూడా అదే.

చెరువు శిఖం (నీరు నిలిచే నేల), బంచరాయి (పశువుల మేత భూమి), అడవి: ఇవి ఎవరి ఆస్తి?

అందరిదీ అంటే ఎవరిదీ కాదని కొందరు అనుకుంటారు. ఎలినార్ ఆస్ట్రోమ్ ప్రపంచమంతా తిరిగి, హద్దులు, నియమాలు, కాపలా ఉన్న చోట ఉమ్మడి ఆస్తి తరాలపాటు నిలుస్తుందని చూపించారు, 2009లో నోబెల్ అందుకున్నారు. మన చెరువు కింద నీళ్లు వదిలే నీరటి వంతులవారీగా నీళ్లు వదిలిన పద్ధతి అలాంటిదే. నల్లమలలో చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత పట్టాతోపాటు సామూహిక హక్కులూ ఇస్తుంది. తేనె, గడ్డలు సేకరించే జీవితానికి రెండోదే ఎక్కువ అవసరం.

ఆడపిల్లకు వాటా చట్టంలో ఉంది కదా, భూమి ఎందుకు రావడం లేదు?

ఉమ్మడి రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లైనవారికీ విస్తరించింది. అయినా ఫౌతీ (చనిపోయినవారి భూమిని వారసుల పేర మార్చడం) చేసేటప్పుడు అన్నదమ్ముల పేర్లే ఎక్కుతున్నాయి. అడిగితే పుట్టింటితో సంబంధం తెగుతుందన్న భయం ఆ హక్కుకు కట్టే అతి పెద్ద రుసుము. తండ్రి బతికుండగానే వీలునామా, లేదా భాగపంపిణీ రిజిస్టర్ చేయిస్తే ఆ రుసుము చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు నేను చేయదగిన పని ఏమిటి?

వివాదం వచ్చాక కాదు, రాకముందే కాగితాలు కూర్చుకోండి: ఖాస్రా పహాణీ, సర్వే నాటి సేత్వార్ రికార్డు, ఆ తర్వాతి పహాణీల ధ్రువీకరించిన నకళ్లు, లింకు దస్తావేజులు, ఈసీ. పాసుపుస్తకంలోని విస్తీర్ణాన్ని నేల మీది కొలతతో సరిచూడండి. రిజిస్ట్రేషన్ జరగని భూముల నిషేధిత జాబితా 22-ఎ లో మీ సర్వే నంబరు పడిందేమో చూడండి. మీ భూమిలో వేరొకరు పాతుకుపోతే పన్నెండేళ్ల కాలపరిమితి ఉంటుందని మరవకండి, వలస వెళ్లేవారు ముఖ్యంగా. తగాదా పెరిగితే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. 1987 చట్టం కింద స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. అక్కడి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే, అప్పటికే కోర్టు ఫీజు కట్టి ఉన్నా అది తిరిగి వస్తుంది.